మెయిన్ దించినావా, సుజాతా?

పోయిన వారం మా వీధి చివర ఎవరిదో పెళ్ళికి పందిరి వేశారు. సాయంత్రం వాన పడి వెలిసింది. కూరగాయల సంచితో ఇంటికి వస్తుంటే పందిరి వెనక నుంచి చిన్న జనరేటర్ చప్పుడు వినిపించింది. రెండడుగులు వేశానో లేదో, వాసన కూడా తగిలింది. కిరోసిన్ పొగ, తడిసిన ఎర్రమట్టి కలిసిన వాసన. ఇప్పుడు నగరంలో, బ్రూక్‌ఫీల్డ్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయిన సంగతి కూడా మాకు సరిగా తెలియదు. కింద సెల్లార్‌లో పెద్ద డీజిల్ జనరేటర్ ఉంది. దాన్ని ఎవరు నడుపుతారో, ఎలా నడుపుతారో ఇన్నేళ్ళలో నేను అడగనే లేదు. ఆ పందిరి వెనక మాత్రం సంచి కింద పెట్టి చాలాసేపు నిలబడిపోయాను. ఒకప్పటి మా పక్కింటి నారాయణమ్మక్క గోడకు అవతల నుంచి పిలుస్తున్నట్టే అనిపించింది.

2000లో మేము నగరం శివార్లలోని జిగణి దాటి లోపలికి ఉన్న ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. నాకు జిగణిలోనే ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం. మా ఆయనకు బొమ్మసంద్రలో. మాతో మా అమ్మ ఉండేది. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో అమ్మ ముప్పై ఏళ్ళు పొగాకు పనికి వెళ్ళింది. ఆకు కాల్చే బ్యారన్ల దగ్గర, ఆకు ఏరే షెడ్లలో ఆ ఘాటు పీల్చి పీల్చి చివరికి ఆమె ఊపిరితిత్తులు పనికిరాకుండా పోయాయి. రోజులో ఎక్కువ సేపు ఆక్సిజన్ పెట్టాలన్నారు డాక్టరుగారు. నగరం దుమ్ము ఆమెకు పడదని కూడా అన్నారు. అందుకే పొలాల మధ్య ఆ ఇల్లు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం ఒకటి తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టాం. నేనూ మా ఆయనా వేర్వేరు షిఫ్టులు అడిగి వేయించుకున్నాం. ఇద్దరిలో ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంట్లో ఉండేవాళ్ళం.

గాలి మంచిదే గానీ, కరెంటుకు నిలకడ లేదు. ఎండాకాలం వాన మబ్బు పట్టిందంటే చాలు, మా వైపు లైను పోయేది. ఒక్కోసారి గంట, ఒక్కోసారి పూట. కరెంటు ఆగిన మరుక్షణం అమ్మ మంచం దగ్గర యంత్రం కీచుమని అరిచేది. ఆ అరుపు వింటే అమ్మ కళ్ళు నా కోసం వెతికేవి. ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఉండేది గానీ, అది అయిపోతే నింపించడానికి నగరంలోకి పోవాలి. అందుకని ఒక చిన్న జనరేటర్ కొన్నాం. తాడు లాగి పెట్రోలు మీద మొదలుపెట్టి, కాస్త వేడెక్కాక కిరోసిన్‌కు తిప్పాలి. అమ్మిన షాపతను రెండు చివర్లా ప్లగ్గులున్న వైరొకటి చేసిచ్చాడు. ఒక చివర జనరేటర్లో, రెండో చివర ఇంట్లో ఏదో ఒక సాకెట్‌లో పెడితే ఇల్లంతా వెలుగుతుంది. "కానీ మేడమ్, మెయిన్ దించకుండా మాత్రం పెట్టకండి," అని రెండుసార్లు చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

మా పక్కిల్లు నారాయణమ్మక్కది. మధ్యలో నడుమెత్తు గోడ. అప్పటికి ఆమెకు యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉండేది. పెరట్లో పనిచేసేటప్పుడు చీర మీద మగవాళ్ళ ఖాకీ చొక్కా తొడుక్కునేది. వాళ్ళు తరాల కిందట ఆ వైపు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు. ఆమె తెలుగు నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది. ఒక్కతే ఉండేది. కూతురు లక్ష్మిని హోసూరు ఇచ్చారు.

మేము దిగిన నెలలోనే మొదటి గాలివాన వచ్చింది. జనరేటర్ తడుస్తుందని వెనక వరండాలో పెట్టి, జల్లు కొట్టకుండా తలుపు మూసి నడిపాను. ఆ వరండాను ఆనుకునే అమ్మ గది. పది నిమిషాలైందో లేదో, నారాయణమ్మక్క నెత్తిన గోనెసంచి కప్పుకుని వచ్చేసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. తలుపు తెరిచి, మోగుతున్న జనరేటర్‌ను రెండు చేతులతో పట్టి పెరట్లోకి ఈడ్చింది. బట్టలుతికే రాయి మీద రేకు కప్పు ఉంటే దాని కిందకు చేర్చి, అప్పుడు నా వైపు తిరిగింది.

"మీ అమ్మకి గాలి ఇస్తా ఉండావా, పొగ ఇస్తా ఉండావా?"

"తడుస్తుందని పెట్టానక్కా. పొగ వాసన లోపలికి రావడం లేదు."

"వాసన రాకపోతే పొగ రాలేదనా? ఇది వాసన లేకుండానే మనిషిని పండబెడుతుంది తల్లీ. ఆరోగ్యంగా ఉండేవాళ్ళే లేవరు. ఆయమ్మ ఎట్ల లేస్తాది?"

గదిలోకి వెళ్ళి కిటికీలన్నీ తెరిచింది. అమ్మ దుప్పటి మీద జల్లు పడుతున్నా ఆగలేదు. నాకు కోపం వచ్చింది. చదువుకున్నదాన్ని, ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. నాకు చెప్పడానికి ఈమె ఎవరు అనుకున్నాను. ఆమె చెప్పింది నిజమని నాకు తెలుసు. తెలిసిన విషయమే నాకు తట్టలేదన్నది ఆ కోపానికి అసలు కారణమని ఒప్పుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటైంది. కరెంటు పోయి మా జనరేటర్ చప్పుడు మొదలవగానే గోడ దగ్గరకు వచ్చి కేకవేసేది. "మెయిన్ దించినావా, సుజాతా?" మా మెయిన్ స్విచ్ ముందు వరండా గోడకు, మీటర్ పక్కనే ఉండేది. ఇనుప పెట్టె, పక్కన పిడి. పిడి కిందకు దించితే బయటి లైనుకూ ఇంటికీ సంబంధం తెగిపోతుంది. "దించానక్కా," అనేదాన్ని. ఆ మాట వినేదాకా అక్కడే నిలబడి, విన్నాక లోపలికి పోయేది. మొదట్లో నిజంగానే దించేదాన్ని. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. కొన్నాళ్ళకు ఆమె ప్రశ్న పూర్తికాకముందే నా నోటి నుంచి జవాబు వచ్చేసేది.

మరుసటి సంవత్సరం మే నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. వడగళ్ళతో గాలివాన వచ్చింది. రోడ్డు పక్క నీలగిరి చెట్టు కొమ్మ విరిగి కరెంటు తీగల మీద పడింది. మా ఇంటికి వచ్చే వైరు స్తంభం దగ్గర తెగి వేలాడింది. లోపల యంత్రం అరిచింది. ఆ వారం సిలిండరు ఖాళీ అయితే నింపించడానికి ఇచ్చి ఉన్నాం. అమ్మ పెదవులు నీలంగా మారడం మొదలైంది. పెరట్లోకి పరుగెత్తి తాడు లాగాను. మూడుసార్లు లాగినా అందుకోలేదు. నాలుగోసారి అందుకుంది. వైరు సాకెట్‌లో గుచ్చాను. యంత్రం మళ్ళీ నడిచింది. అమ్మ ముక్కుకు గొట్టం సరిచేసి, ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. గోడకు అవతల నుంచి కేక వినిపించింది.

"మెయిన్ దించినావా, సుజాతా?"

"దించానక్కా!"

దించలేదు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కానీ దించలేదన్న సంగతి అప్పుడు నాకు తెలియదని కూడా అనలేను. మనసులో ఒక మూల తెలుసు. లేచి వరండాలోకి వెళ్ళాలి, అమ్మ చేయి వదలాలి. తర్వాత చూద్దాం అనుకున్నాను. తర్వాత మరిచిపోయాను.

వాన తగ్గాక లైన్‌మ్యాన్ మంజునాథ వచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మా వైపు లైన్లన్నీ అతనే చూసేవాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు తీసి, కొమ్మ నరికి, తెగిన వైరు కలపడానికి మా ఇంటి ముందు స్తంభానికి నిచ్చెన వేశాడు. జనరేటర్ చప్పుడు విని, ఎక్కేముందు నారాయణమ్మక్కను అడిగాడట. ఆమె చెప్పిందట, "మెయిన్ దించిండారప్పా. నేను అడిగినా." ఆమె మాట మీద అతను పైకెక్కాడు. నా మాట మీద ఆమె చెప్పింది.

అమ్మకు రాగి అంబలి గిన్నెలో పోసుకుని నారాయణమ్మక్క మా ముందు వరండా మెట్లెక్కింది. అలవాటు కొద్దీ మీటర్ వైపు చూసింది. పిడి పైకే ఉంది.

ఆ కేక నేను లోపల నుంచి విన్నాను. "మంజూ! చెయ్యి తియ్యప్పా! వైరు ముట్టుకోవద్దు!" గిన్నె రాతి మెట్ల మీద పడి దొర్లిన చప్పుడు. నేను బయటికి వచ్చేసరికి ఆమె పిడి కిందకు లాగి, దాన్ని పట్టుకునే నిలబడి ఉంది. స్తంభం మీద మంజునాథ రెండు చేతులూ గుండెకు హత్తుకుని, నిచ్చెనకు ఆనుకుని కదలకుండా ఉన్నాడు. కలపడానికి తాడుతో పైకి లాగిన మా ఇంటి వైపు వైరు చివర అతని మోకాలికి జానెడు దూరంలో ఊగుతోంది. క్షణం ముందు దాకా నా జనరేటర్ కరెంటు మా ఇంట్లోంచి, మెయిన్ దాటి, ఆ వైరు కొసదాకా వెళ్ళి కాచుకుని ఉండింది.

పెరట్లోకి పోయి జనరేటర్ ఆపేద్దామని తిరిగాను. నారాయణమ్మక్క నా చేయి పట్టుకుంది.

"అది ఆపొద్దు. మీ అమ్మకి గాలి కావల్ల కదా. పిడి దించినాం, ఇంక అది ఇల్లు దాటి పోదు. ఇంతే చెయ్యాల్సింది. ఇద్దరూ బతుకుతారు." ఆమె గొంతులో కోపం లేదు. పిడి ఇంకోసారి కిందకు నొక్కి అంది, "పో. పోయి ఆయప్పకి చెప్పు."

"మీరు చెప్పారు కదక్కా."

"నేను చెప్పింది వైరు సంగతి. నువ్వు చెప్పాల్సింది వేరే ఉండాది."

వరండా నుంచి స్తంభం దగ్గరకు ఇరవై అడుగులు కూడా ఉండవు. బురదలో చెప్పుల్లేకుండా నడిచాను. అప్పటికి మంజునాథ కిందకు దిగి నిచ్చెన చివరి మెట్టు మీద కూర్చున్నాడు. అతని ముఖంలోకి చూడలేక అతని గ్లవ్స్ వైపు చూస్తూ చెప్పాను. "అక్క అడిగితే మెయిన్ దించానని చెప్పాను. దించలేదు. తప్పు నాది." ఇంకా ఏదో చెప్పాలనుకున్నాను. మా అమ్మ పరిస్థితి, కంగారు, మూడుసార్లు తాడు లాగడం. అవన్నీ నిజాలే. కానీ అతని ముందు నిలబడ్డాక అవి నోటికి రాలేదు.

అతను తిట్టలేదు. తిడితే బాగుండేది. "స్వల్ప నీళ్ళు ఇస్తారా, మేడమ్?" అన్నాడు. చెంబుతో తెచ్చిస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు. నీళ్ళు తాగాక అన్నాడు, "మా ఇంటామెకు మాత్రం ఎవరూ చెప్పొద్దండి. మళ్ళీ నన్ను పనికి పంపదు." పది నిమిషాలు అలాగే కూర్చుని, లేచి, మా వరండాలోకి వచ్చి పిడి తన కళ్ళతో చూసుకుని, మళ్ళీ నిచ్చెనెక్కాడు. అతను పని ముగించి దిగేదాకా నేనూ నారాయణమ్మక్కా ఆ పిడి పక్కనే నిలబడ్డాం.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చాక అమ్మను అతనికి అప్పగించి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో ఉలవలు ఏరుతోంది. క్షమించమని అడుగుదామని వెళ్ళాను. మాట మొదలుపెట్టకముందే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. నా ముఖం వైపు చూడకుండా, రాళ్ళు ఏరుతూనే చెప్పింది.

ఆమె భర్త కృష్ణప్ప కూడా లైన్‌మ్యానే. ఆ ఖాకీ చొక్కాలు ఆయనవే. 1993లో, ఇలాంటి వానే పడిన మరునాడు పొద్దున, రెండు మైళ్ళ దూరంలో లైను బాగుచేయడానికి వెళ్ళాడు. ఫ్యూజులు తన చేత్తోనే తీశాడు. అక్కడ ఒక తోటలో పట్టుపురుగుల షెడ్డు ఉంది. లైట్లు ఆరితే పురుగులు పాడవుతాయని ఆ తోట యజమాని కొత్తగా జనరేటర్ కొన్నాడు. దాన్ని అలాగే, మెయిన్ దించకుండా, ఇంటి లైనుకు కలిపాడు. కృష్ణప్ప స్తంభం మీదే పోయాడు.

"ఆయనే చేశాడని మీకెలా తెలుసక్కా?" అని అడిగాను.

"అందరికీ తెలుసు. ఎవురూ చెప్పలే. ఆ తోటాయన మా ఇంటికాడికి రాలేదు. మట్టికి రాలే, పదకొండో దినానికి రాలే. సంతలో నన్ను చూస్తే పక్కసందులోకి తిరుక్కుంటాడు. నేనేమీ కేసు పెట్టలే, కొట్లాటకు పోలే. వస్తాడు, నా వల్ల అయిందమ్మా అని ఒక్క మాట చెప్తాడు అని చూసినా. ఒక ఏడు చూసినా, రెండేళ్ళు చూసినా. ఇప్పుడూ గేటు చప్పుడైతే ఒకసారి అట్ల చూస్తాను."

"వస్తే ఏం చేస్తారక్కా?"

ఆమె చేట పక్కన పెట్టింది. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్నగా తీసుకోలేదు. "కాఫీ ఇస్తానో లేదో చెప్పలేను. ఏడుస్తానేమో, తిడతానేమో. కూర్చో అని మాత్రం చెప్తాను."

తర్వాత వారం సెలవు రోజున మంజునాథ తనంతట తనే వచ్చి మా వరండాలో చేంజోవర్ స్విచ్ బిగించాడు. దాని పిడి పైకి ఉంటే లైను, కిందకు ఉంటే జనరేటర్. రెండూ ఒకేసారి కలవడానికి వీల్లేదు. మరిచిపోయినా ఎవరికీ ప్రమాదం ఉండదు. ఆ రెండు ప్లగ్గుల వైరును నారాయణమ్మక్క మా ఇంటి కొడవలితోనే ముక్కలు చేసింది. ఆ తర్వాత చుట్టుపక్కల ఎవరింట్లో కొత్త జనరేటర్ చప్పుడు వినిపించినా ఆమె నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేది. గుమ్మంలో నిలబడి, "చేంజోవర్ ఉండాదా?" అని అడిగేది. కొందరు నవ్వేవాళ్ళు. కొందరు, నీకెందుకమ్మా, అనేవాళ్ళు. అప్పుడు ఆమె నా వైపు చూసేది. ఆ ఆదివారం జరిగింది నేను చెప్పాలి. ఎన్ని గుమ్మాల్లో చెప్పానో గుర్తులేదు. ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. ప్రతిసారీ వాళ్ళు నవ్వడం ఆపి వినేవాళ్ళు.

అమ్మ ఇంకో రెండేళ్ళు బతికింది. ఆమె పోయింది కరెంటు లేక కాదు. ఒక చలికాలం పొద్దున, యంత్రం చక్కగా నడుస్తుండగానే, నారాయణమ్మక్క తల దువ్వుతుంటే ఆమె ఒళ్ళోకి ఒరిగిపోయింది. దువ్వెన పక్కన పెట్టి, సగం అల్లిన జడను చివరిదాకా అల్లి, ముడి వేసి, ఆ తర్వాతే ఆమె నన్ను పిలిచింది.

2009లో నారాయణమ్మక్క పోయింది. గుండెపోటు. అప్పటికి మేము నగరానికి మారి మూడేళ్ళు. పదకొండో రోజున వెళ్ళాను. భోజనాలు నడుస్తున్నాయి. నేను గేటు దగ్గర వచ్చేవాళ్ళను చూసుకుంటున్నాను. డెబ్భై దాటిన పెద్దాయన ఒకరు వచ్చి గేటు బయటే నిలబడ్డారు. తెల్ల పంచె, చేతిలో గొడుగు.

"లైన్‌మ్యాన్ కృష్ణప్ప ఇల్లు ఇదే కదమ్మా?"

పదహారేళ్ళుగా ఆ ఇంటిని ఎవరూ ఆ పేరుతో అడగలేదు. ఆయన ఎవరో నాకు అక్కడే అర్థమైంది.

"నారాయణమ్మక్క పోయి పదకొండు రోజులైందండీ."

"తెలుసమ్మా. అందుకే వచ్చినా." గొడుగు పిడి మీద ఆయన వేళ్ళు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. "ఆ పొద్దు జనరేటర్ నాది. నేనే పెట్టినా. ఆయమ్మకి చెప్పల్ల అని ఈ సందు మొదటి దాకా ఎన్నోసార్లు వచ్చినా. ఆయమ్మ ఉండగా ధైర్యం రాలే."

గేటు చప్పుడైతే ఆయనేనేమోనని ఆమె ఎన్నిసార్లు తల తిప్పి చూసి ఉంటుందో ఆయనకు చెప్పాలనిపించింది. నోటిదాకా వచ్చింది. ఆమె అయితే కూర్చో అనేది. ఆ మాట నాకు రాలేదు. అంత పెద్ద మనసు నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. గేటు తెరిచి పట్టుకుని, "లోపల ఆమె కూతురు లక్ష్మి ఉంది. ఆ పచ్చ చీర ఆమె. వెళ్ళి చెప్పండి," అన్నాను. ఆయన సందు మొదటి వైపు ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగిపోతాడనే అనుకున్నాను. చివరికి చెప్పులు విడిచి, గొడుగు గోడకు ఆనించి, లోపలికి నడిచాడు. లక్ష్మి ఆయనతో ఏమందో నాకు తెలియదు. అది నేను వినాల్సింది కాదు. ఆయన బయటికి వచ్చేటప్పుడు ఏడుస్తున్నాడు. లక్ష్మి గుమ్మం దాకా ఆయన వెనక వచ్చింది.

నారాయణమ్మక్క నన్ను ధైర్యవంతురాలిగా ఏమీ మార్చలేదు. ల్యాబ్‌లో ఒకసారి నేను తూకం తప్పు వేసి, ఆ ఫలితం మీద సంతకం పెట్టి, రెండు రోజుల తర్వాత గమనించాను. సరుకు అప్పటికే లారీ ఎక్కడానికి సిద్ధంగా ఉంది. మేనేజరు గది దాకా వెళ్ళి ఆ సంగతి చెప్పడానికి నాకు గంట పట్టింది. దానివల్ల ఆ సంవత్సరం రావలసిన ప్రమోషన్ రాలేదు. పిల్లల దగ్గర, ఆఫీసులో నాకంటే చిన్నవాళ్ళ దగ్గర, నా వల్ల తప్పు జరిగినప్పుడల్లా ఇప్పటికీ మొదట భయమే వేస్తుంది. రేపు చెప్పొచ్చులే అనిపిస్తుంది. వాళ్ళకు తెలియకపోవచ్చులే అని కూడా అనిపిస్తుంది. కాసేపు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాను. ఆ తర్వాత చెప్పులు వేసుకుని, ఆ మాట చెప్పడానికి బయలుదేరతాను.